చింతపండుతో తోమిన గుర్రపు బిళ్ళ

మా పక్కింటి చరిత్ర సారు పోయారు. మొన్న ఆదోని ఆసుపత్రి నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. "చిన్నాయనా, మామ పోయినాడు" అంది. "అట్లనామ్మా" అన్నాను. నాకు మాటలకన్నా రాత సులువు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధికి ఆయన ఉద్యోగం మానినాక వచ్చారు. పాత నాణేలంటే ప్రాణం. అందులోనూ ఎప్పుడో జర్మనీలో చిన్న చిన్న సంస్థానాలవాళ్ళు యుద్ధాల కాలంలో కొట్టించిన వెండి నాణేలు. గోరంత ఉంటాయి. మఖమలు పరిచిన పెట్టెలో, ఒక్కోదానికి ఒక్కో గుంట చేసి దాచుకున్నారు.

మా దేవుని గూట్లో ఒక వెండి బిళ్ళ ఉంది. గుర్రమెక్కిన మనిషి, చేతిలో ఈటె. మా అత్త ఆదోనిలో పాత వెండి కొన్నప్పుడు వచ్చిందట. గుర్రమెక్కే మల్లన్న దేవుడనుకుని నా భార్య ఏళ్ళుగా కుంకుమ పెడుతోంది. ఒక సోమవారం ఆమె దాన్ని చింతపండుతో తోముతుంటే సారు చూశారు. భూతద్దం తెచ్చుకున్నారు.

"మల్లన్న కాదమ్మా, జర్మనీ బిళ్ళ. దీనికోసం ఎన్నేండ్లుగా ఎతుకుతాండానో!"

"నీ కండ్లకు జర్మనీ, నా కండ్లకు మల్లన్న. పో సారూ!"

సారు పగలబడి నవ్వారు.

"అయితే ఎంత తోమినా ఎర్రగైతాది యాటికి?" అంది ఆమె.

"యుద్ధానికి వెండి సాల్లేదమ్మా. రాజు రాగి కలిపినాడు. తెలుపు పైపైనే."

ఆనాటినుంచి ప్రతి సోమవారం వచ్చేవారు. బిళ్ళ గుడ్డ మీద ఆరుతుంటే నేను మగ్గం దిగి పక్కన కూర్చునేవాణ్ణి. నేను మాట్లాడకపోయినా ఆయనకు పట్టింపు లేదు. "నీ బదులు మగ్గం మాట్లాడ్తాది లేప్పా" అనేవారు. టీ తాగి వెళ్ళేవారు.

ఆయన పెట్టెలో ఒక గుంట ఖాళీ. అది దేనికో మాకు తెలుసు. అయినా ఆయన ఒక్కనాడూ మా బిళ్ళ అడగలేదు. ఈమధ్య ఆయన ఒంట్లో బాగుండక ఆదోని ఆసుపత్రికి తిరగడం చూసి నా భార్యే బిళ్ళను తమలపాకులో పెట్టి ఇచ్చింది.

"తీస్కపో సారూ. మల్లన్న యాడున్నా మల్లన్నే."

ఆయన వేళ్ళు దానిమీద మూసుకున్నాయి. కాసేపటికి తెరిచి, మళ్ళీ గుడ్డ మీద పెట్టేశారు.

"ఇది నా పెట్టెలోకొస్తే, సోమవారం ఏం పని పెట్టుకొని మీ ఇంటికొచ్చేదమ్మా?"

"పని లేకుంటే రావా?"

"ముసిలోనికి ఏదో ఒక సాకు కావల్ల."

నిన్న సోమవారం. నా భార్య బిళ్ళ తోమి గుడ్డ మీద పెట్టింది. ఎండకు ఎప్పుడో ఆరిపోయింది. గూట్లో పెట్టకుండా, నేను మగ్గం దిగి దాని పక్కన కూర్చున్నాను. పొద్దు వాలేదాకా అది ఆ గుడ్డ మీదే ఉంది.