మొలకల కడుపు నింపిన సార్

మా సార్ పోయారని మొన్న ఉదయం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "బాధపడలేదక్కా. ముందురోజు గూడ నవ్వుకుంటనే మాట్లాడిండు" అంది. ఆ మాటే నాకు ఊరట.

ఎనభైల్లో వరంగల్‌లో ఆయన దగ్గర వృక్షశాస్త్రంలో పరిశోధన చేశాను. మాది అక్కడి కాశిబుగ్గే, నేత కుటుంబం. "చదువు ఎన్నడైపోతది బిడ్డా?" అని నాయన అడిగినప్పుడల్లా తల వంచుకునేదాన్ని. గాజు సీసాల్లో పల్లీ పిండాలను, అంటే గింజలోపల ఉండే చిన్నారి మొక్కలను, గింజ లేకుండానే పుట్టించగలిగాం. కానీ చేనులో కాసిన గింజలో ఉన్నట్టు వాటిలో మాంసకృత్తులు చేరేవి కావు. ఆ నిల్వ తిండి లేక, మట్టిలో నాటిన రెండు మూడు రోజులకే చచ్చిపోయేవి.

ఒకసారి పరీక్షలో, మాంసకృత్తులుంటే పడే నీలి గీత చిక్కగా కనబడింది. సార్ సంబరపడి ఆ ఫలితాన్ని ఒక సదస్సుకు రాసి పంపారు. తర్వాత నోటుపుస్తకం తిరగేస్తే నా తప్పు బయటపడింది. పిండాల రసం బదులు మామూలు పల్లీగింజల రసం వేశాను!

నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాకా వరండాలో తిరిగి, చివరికి ఏడుస్తూ చెప్పేశాను. సార్ కాగితం తీసుకుని, పొరపాటు జరిగిందని, ఫలితం వెనక్కి తీసుకుంటున్నానని రాశారు. అందులో నా పేరు లేదు.

"తప్పు నాది గద సార్?"

"సూడకుండ పంపింది నేను గద. ఫికర్ చెయ్యకు. జర చాయ్ తాగి రా, మళ్ల మొదలువెడదాం."

గుండెల మీంచి బండ దించినట్టయింది.

"ఇవి ఆకలితోనే మొలుస్తున్నయ్ బిడ్డా. మనమే తొందరవెడుతున్నం" అన్నారు ఒకరోజు పిండాలను చూస్తూ. సీసాల్లో చక్కెర, మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లం పెంచాం. మొలకను ఆపే హార్మోను కలిపి, మరికొన్ని వారాలు ఆగాం. ఈసారి నీలి గీత గింజలోనిదంత చిక్కగా లేదు. కానీ అది నిజం. సార్ నాతో మూడుసార్లు చేయించి గానీ నమ్మలేదు.

ఆ పిండాలను మొలకెత్తించి కుండీల్లో నాటాం. వారం దాటాక ఒక సాయంత్రం చూస్తే ఆకులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. "పోయినయ్ సార్!" అంటూ పరుగెత్తాను. ఆయన వచ్చి, వంగి చూసి నవ్వారు.

"పొద్దుగూకితే పల్లీ ఆకు ముడుసుకుంటది గద! పండుకున్నయ్, అంతే."

నిజమే. అంతకుముందు మా మొలకలేవీ ఆకులు వేసి, ముడుచుకునే దాకా బతకలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికే సార్ కుండీల ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. సంచి ఇంకా భుజానే ఉంది. విచ్చుకున్న ఒక్కొక్క ఆకు మీది మట్టిని చిటికెనవేలితో తుడుస్తున్నారు.