అత్తయ్య తీసిన వెన్న

మేము డబ్లిన్ దగ్గర సిటీవెస్ట్‌లో ఉంటాం. మా పాప ఐదో పుట్టినరోజున కేకు మీద పోయడానికి, వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే గనాష్ మొదలుపెట్టాను. క్రీమ్ వేడిచేయగానే ముక్కలుగా విరిగి నీళ్లు తేలాయి.

"అయ్యో, నిన్ననే దాంట్లో పెరుగు తోడు వేశానమ్మా, పాపకి వెన్న తీద్దామని!" అన్నారు ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య.

ఇంకో గంటలో పిల్లలొస్తారు. "అడక్కుండా ఫ్రిజ్‌లోవి ఎందుకు ముట్టుకుంటారు?" అని అరిచేశాను.

ఆవిడ మొన్న తీసిన వెన్నముద్ద తెచ్చి నా ముందు పెట్టారు. "పాలల్లో ఇది కరిగించి చూడు."

అలాగే చేసి చాక్లెట్ మీద పోస్తే నూనె పైకి తేలింది. నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య గరిటె అందుకుని, చెంచాడు చెంచాడు వేడి పాలు పోస్తూ వదలకుండా కలిపారు. చూస్తుండగానే నున్నగా, అద్దంలా మెరిసింది.

పాప వేలు నాకి, "నానమ్మా, ఇట్స్ గ్రాండ్!" అంది. అత్తయ్య నవ్వారు.

కానీ మర్నాడు ఫ్రిజ్ ముందు నిలబడి, "పాలు తీసుకోనా అమ్మా?" అని నన్నడిగారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ సాయంత్రమే రెండు క్రీమ్ డబ్బాలు తెచ్చి, ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 'అత్తయ్య వెన్నకి' అని రాసిపెట్టాను.