తుండుగుడ్డ కింద బేరం

మా కొట్లో తక్కెడ ముట్టుకుని ఎవరూ అబద్ధం చెప్పరు. ఆ తక్కెడ ముట్టుకునే చెప్తున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. నవ్వదలచినవాళ్ళు మొత్తం విన్నాక నవ్వండి.

ఆదోని బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్త రోజులు. అక్కడ ఒక పత్తి వ్యాపారి దగ్గర పాత కారు కొన్నాను. యుద్ధానికి ముందు నాటి బండి. బేరమాడి బేరమాడి ఆయన నోరు ఎండగట్టాను. ధర తెగాక కూడా వదల్లేదు, కొసరు అడిగాను. కొసరు లేకుండా బెల్లం ముక్క కూడా కొనని వంశం మాది. ఆయన విసిగిపోయి ఒక పొట్లం నిండా ఫ్యూజులు పోసి ఇచ్చాడు. చిటికెన వేలి కణుపంత గాజు గొట్టాలు. లోపల సన్నటి తీగ. కరెంటు ఎక్కువైతే ఆ తీగ తెగిపోయి మిగతా వైర్లను కాపాడుతుందట. గుప్పెడు వచ్చాయని మురిసిపోతూ మా ఊరు ఎమ్మిగనూరు చేరాను. ఒక్కదాన్నీ వెలుతురులో పెట్టి చూడలేదు.

ఆ వానాకాలమే నా భార్యకు నొప్పులు వచ్చాయి. చెప్పిన గడువుకు ముందే. తొలి కాన్పు. పొద్దు వాలింది. మంత్రసాని చెయ్యి పెట్టి చూసి, బిడ్డ తల తిరగలేదు, వెంటనే ఆదోని ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. వెనక సీట్లో ఆమె, పక్కన మా అత్త. ముందు నేను.

ఊరు దాటేసరికి చీకటి పడింది. సన్నటి తుంపర. రెండు పక్కలా పత్తి చేలు. ముందు ఒక వంక దాటాలి. వంతెన లేదు, నీళ్ళు రోడ్డు మీదుగానే పోతాయి. ఆ వంక ఇంకొంచెం దూరం ఉందనగా... టప్. అంతే. లైట్లు పోయాయి. హారన్ నొక్కాను. అదీ లేదు. ఇంజను మాత్రం తిరుగుతోంది.

"ఏమప్పా, లైట్లు యాడబోయినాయి?" అంది అత్త.

వస్తాయన్నాను. ఎలా వస్తాయో నాకు తెలియదు. దారి కనిపించకుండా వంకలో దిగలేను. వెనక సీట్లోంచి వచ్చే మూలుగు వింటూ నిలబడనూ లేను.

ఇంజను ఆపి, పొట్లం, అగ్గిపెట్టె పట్టుకుని దిగాను. ఆ బండి బానెట్ పక్కనుంచి ఎత్తాలి. రేకును నెత్తితో ఆపి అగ్గిపుల్ల గీశాను. నల్లటి పెట్టె మూత తీస్తే లోపలి ఫ్యూజు గాజుకు మసి పట్టి ఉంది. తీగ తెగింది. ఇదే పోయిందని తేలింది. పీకేసి, పొట్లంలోంచి ఒకటి పెట్టాను. వెలగలేదు. ఇంకొకటి. పొట్టిది, కొక్కేల మధ్య నిలవలేదు. ఇంకొకటి... ఈసారి అగ్గిపుల్ల దగ్గరపెట్టి చూశాను. మసి. దాని పక్కది, మసి. నేను పట్టుబట్టి తెచ్చుకున్న కొసరంతా కాలిపోయిన ఫ్యూజులే. ఆ వ్యాపారి ఆ రోజు ఎంత నవ్వుకున్నాడో.

సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడితే పని జరుగుతుందని డ్రైవర్లు అంటారు. దండగని నేను సిగరెట్ ముట్టను.

చివరి పుల్ల ఆరిపోయింది.

తుంపర పడకుండా భుజం మీది తుండుగుడ్డ ఆ పెట్టె మీద కప్పాను. మిగిలిన ఫ్యూజులు దాని కిందే పోశాను. ఎడమ చేత్తో రేకు ఎత్తి పట్టుకున్నాను. కుడి చెయ్యి గుడ్డ కిందికి పోనిచ్చి, ఒక్క మంచిదైనా దొరక్కపోతుందా అని తడుముతున్నాను...

అప్పుడు ఒక చెయ్యి నా వేళ్ళు పట్టుకుంది.

గుడ్డ కింద. ఇంజను వైపు నుంచి.

లాగలేదు. గిచ్చలేదు. నా ఐదు వేళ్ళూ కలిపి మెత్తగా పట్టుకుంది. వేళ్ళ కొసలు కాయలు కాచి ఉన్నాయి. ఇంత తుంపరలోనూ... పొడిగా ఉంది.

మా వైపు సంతల్లో ఎద్దుల బేరం నోటితో జరగదు. గుడ్డ కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. పట్టిన వేళ్ళే ధర. పక్కవాడికి తెలియదు. అరచెయ్యి నొక్కితే బేరం తెగినట్టు. ఆ చెయ్యి అడుగుతోంది... ఐదు.

ఇంకొకరైతే అరుస్తారు. పరిగెత్తుతారు. నేనేం చేశానో తెలుసా? దానివి రెండు వేళ్ళు పట్టాను.

ఆలోచించి చేసింది కాదు. సగానికి తక్కువ అడగడం నా చేతికి పుట్టుకతో వచ్చింది.

ఆ చెయ్యి ఆగింది. గుడ్డ మీద తుంపర... చిట... చిట. చేలల్లో కప్పలు. చాలాసేపటికి, మెల్లగా, నావి మూడు వేళ్ళు పట్టింది. నేను మళ్ళీ రెండు. అది కదల్లేదు. మూడే.

వెనకనుంచి నా భార్య అరిచింది. మాట లేని అరుపు.

అరచెయ్యి నొక్కాను. తెగింది.

ఆ చెయ్యి వదిలేసింది. నా అరచేతిలో ఒక గాజు గొట్టం మిగిలింది. గోరువెచ్చగా. కొక్కేల మధ్య పెట్టాను... లైట్లు వెలిగాయి. గుడ్డ లాగి చూశాను. పైపులు, వైర్లు. పిల్లి దూరేంత చోటు లేదు. బండి కింద వంగి చూశాను. చుట్టూ తిరిగాను. భయం కన్నా ఎవరో చూడాలన్న ఆరాటమే ఎక్కువైంది. అత్త కేకేస్తే గానీ స్టీరింగు దగ్గరికి రాలేదు.

వంక దాటాం. తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఈ మాట విన్న మా బావమరిది, పొట్లంలో ఒక మంచి ఫ్యూజు ఉండే ఉంటుందనీ, కంగారులో నా ఎడమ చెయ్యే నా కుడి చేతిని పట్టుకుని ఉంటుందనీ తేల్చేశాడు. అయ్యుండొచ్చు. కానీ ఎడమ చేత్తో రేకు పట్టుకున్నానే? పైగా నా ఎడమ చెయ్యి అంత మొండి బేరగాడైతే దాన్ని ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోబెట్టేవాణ్ణా?

పురుడు వెళ్ళాక నా భార్యకు చెప్పాను. ఆమె కూడా అంగడి ఇంటి పిల్లే. నవ్వలేదు. భయపడలేదు. బిడ్డను ఒళ్ళో సర్దుకుని అడిగింది.

"మూడుకు తెగింది సరే. యాంది మూడు?"

మూడు రోజులో, నెలలో, ఏళ్ళో అని ఇద్దరం లెక్కలేశాం. మూడో రోజు ఎప్పుడో దాటిపోయింది. మూడో నెల వచ్చింది, మూడో ఏడు వచ్చింది. ఒక్కో గడువుకూ పాపను మధ్యలో పడుకోబెట్టుకుని మేలుకుని కూర్చున్నాం. ఏదీ పోలేదు. ఎవరూ రాలేదు. ఇక చెల్లిపోయిందనుకున్నాను.

మొన్న పాపకు జడ వేస్తూ వేస్తూ నా భార్య చెయ్యి ఆపింది.

"ఐదు అడిగిందని ఎట్లనుకొంటిరి?" అంది. "ఇస్తానన్నదేమో, మీరే తగ్గిస్తిరేమో."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎదుటివాడు వేళ్ళు పట్టుకుంటే అడుగుతున్నాడనే నాకు తెలుసు. ఇస్తానని పట్టుకునే చెయ్యి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.