పుట్టిలో నిలబడిన డాక్టరు

"మిలిటరీ డాక్టరు ముందర కాలు చాపితే కోసి చేతికిస్తాడు. బర్మాలో శానా చూసినా," అన్నాడు మా మామ.

"కోయకుంటే కుళ్లి పానం పోతాది మామా. కట్లు కట్టీ కట్టీ పాత పంచెలన్నీ అయిపోయినాయి," అన్నాను.

యాభైల నాటి మాట. కర్నూలుకు ఎగువన తుంగభద్ర నడుమ దిబ్బ మీద మా అత్తగారిల్లు. యుద్ధంలో మామ పిక్కలో దిగిన ఇనుప ముక్క ఆ ఏడు చీము పట్టింది. ఆ ముక్క ఎట్లా ఉంటుందో చూడాలని కాపురానికొచ్చిన నాటి నుంచీ నాకు ఆశ. మాజీ సిపాయిల డాక్టరు అవతలి గట్టుకు వచ్చాడని విని, మామ రానంటున్నాడని కబురు పెట్టాను.

ఏరు దాటించే గుండ్రటి తోలుపుట్టి గిరగిరా తిరుగుతుంది. అందులో అడుగున చతికిలబడాలి. మా దిబ్బకు తానే బయలుదేరిన డాక్టరు బూట్లతో నిలబడ్డాడు. దిబ్బ దగ్గరికొచ్చేసరికి కళ్లు తిరిగి ఏట్లో పడ్డాడు. నేను కేక వేసేలోగా మామ కుంటుతూ నీళ్లలోకి దిగి, చొక్కా పట్టి ఈడ్చుకొచ్చాడు.

డాక్టరు మామ పాత మిలిటరీ కోటు కప్పుకొని, పొయ్యి దగ్గర రాగి అంబలి తాగాడు. కాలు ఊసెత్తలేదు.

"ఈత రాదా సారూ?" అన్నాడు మామ.

"రాదు. నీళ్లంటే భయం."

"మళ్లెందుకు వస్తివప్పా?"

"నువ్వు రానన్నావంట కదా."

మామ ఇంకో గరిటె అంబలి ఆయన గిన్నెలో పోశాడు. మందుల పెట్టె తడిసిందని డాక్టరు సాయంత్రం వెనక్కి పోయాడు.

మరునాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. ఈసారి పుట్టి అడుగున చతికిలబడి, రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. మామ చాప మీద కూర్చొని కాలు చాపాడు. డాక్టరు కోసి తీసిన ఇనుప ముక్క చింతగింజంత ఉంది.