వెనక్కి వంగితే నొప్పి

నేను పదవీ విరమణ చేయడానికి ఏడేళ్ల ముందు, అక్టోబరు నెలాఖరున, బర్మాలోని యాంగోన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ మహిళల టెన్నిస్ టోర్నమెంటుకు నన్ను ఫిజియోథెరపిస్టుగా డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చినవారిని నడిపించడం, సేక్కాన్ రేవులో దెబ్బలు తగిలిన కూలీల భుజాలూ మోకాళ్లూ చక్కదిద్దడం నా నిత్యకృత్యం. మా ముత్తాత కూడా ఆ రేవులో మూటలు మోయడానికే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను నగరం నడిమధ్యన చౌక్తడా పేటలో పుట్టి పెరిగాను. టెన్నిస్ గురించి నాకు తెలిసింది అంతకుముందు రెండేళ్లు ఇదే టోర్నమెంటులో చేసిన పనివల్లే.

ఇది ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు. ఇక్కడ గెలిస్తే వచ్చే ర్యాంకింగు పాయింట్లు తక్కువ. కానీ పైమెట్టు టోర్నమెంట్లలోకి ప్రవేశం దొరకాలంటే అవే కావాలి. అందుకే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయిలు దేశాలు దాటి వారం వారం ఇలాంటి ఊళ్లలో ఆడతారు.

ఫిజియో పని హద్దులు నిబంధనల్లో స్పష్టంగా ఉంటాయి. మ్యాచి మధ్యలో క్రీడాకారిణి అడిగితే, ఎత్తు కుర్చీలో కూర్చుని ఆట నడిపే చైర్ అంపైరు మమ్మల్ని కోర్టులోకి పిలుస్తాడు. మేము ముందు పరీక్షించాలి, అవసరమనుకుంటే మూడు నిమిషాలు చికిత్స చేయవచ్చు. ఆడవద్దని ఆపే అధికారం మాకు లేదు. ఆమె ఆడే స్థితిలో లేదని టోర్నమెంటు డాక్టరు తేల్చి, పోటీలన్నిటికీ బాధ్యుడైన రిఫరీకి చెబితేనే ఆట ఆగుతుంది. మాతో చెప్పుకున్న బాధను ఆమె అనుమతి లేకుండా డాక్టరుకు తప్ప మరెవరికీ చెప్పకూడదు. కోచ్‌కి కూడా.

చికిత్స గదిలో నాకు సహాయంగా మార్తా ఉండేది. యాభై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే దలా నుంచి ఫెర్రీలో నది దాటి వచ్చేది. ఐసు సంచులు నింపడం, తువ్వాళ్లు మార్చడం, మంచాలు తుడవడం ఆమె పని. మా ఇద్దరిదీ ఒకటే తెలుగు చర్చి. అందరి ముందూ నన్ను ‘సయామా’ అనేది. బర్మాలో ఆడ టీచర్లనూ వైద్యం చేసే స్త్రీలనూ అలాగే పిలుస్తారు. ఇద్దరమే ఉన్నప్పుడు, శ్రీకాకుళం వైపు అక్కను పిలిచినట్టు, ‘అప్పా’ అనేది.

సోమవారం ఉదయం మారిట్ అనే డచ్ అమ్మాయి గదిలోకి వచ్చింది. పంతొమ్మిదేళ్లు. నాకన్నా తలన్నర పొడవు. ఆమె పేరు అప్పటికే టోర్నమెంటు ఆఫీసులో వినపడుతోంది. ఆ ఏడాది ర్యాంకింగులో వేగంగా పైకి వస్తోందనీ, ఇక్కడ టైటిల్ గెలిస్తే జనవరిలో జరిగే గ్రాండ్‌స్లామ్ అర్హత పోటీల్లో చోటు దొరకవచ్చనీ చెప్పుకున్నారు. కోచ్ ఆమె తండ్రి హెంక్. ఉద్యోగం మానేసి కూతురితో తిరుగుతున్నాడు.

నడుము ఎడమవైపు కొంచెం పట్టేసినట్టుందని ఆమె చెప్పింది. గుమ్మం బయట పదకొండుమంది వరసలో ఉన్నారు. బోర్లా పడుకోబెట్టి కండరాలు నొక్కి చూశాను, గట్టిగా తగిలాయి. మర్దన చేసి, కండరానికి ఆసరాగా చర్మం మీద టేపు అంటించి, చికిత్స పత్రంలో ‘నడుము కండరం పట్టేసింది, టేపు వేశాం’ అని రాసి, ఒక ప్రతి ఆమెకిచ్చి పంపేశాను.

ఆమె వెళ్లాక, వరసలో తర్వాతి అమ్మాయి లోపలికి వస్తుండగా, మార్తా నా దగ్గరకు వచ్చింది.

“సయామా, ఆ పొడుగు పిల్లని సూసారా? కింద పడ్డ తువ్వాలు ఒంగి తీసుకుంటే ఏటీ అవనేదు. సీసా ఎత్తి, తల ఎనక్కేసి నీళ్లు తాగితే మాత్రం నడుం పట్టుకుంటంది.”

“కండరం పట్టేసింది మార్తా. అంతే.”

“మా ఆయనకి మూటలు మోసీ రోజుల్లో కండరం పట్టేత్తే ముందుకి ఒంగలేపోయీవోడు. ఈ పిల్లకి ఎనక్కే నొప్పి. ఇది అది కాదు సయామా.”

“సరే గానీ, ఐసు సంచులు నింపు. అవతల జనం ఉన్నారు.”

నేను అన్నది అంతే. ఆ మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

మారిట్ మంగళవారం గెలిచింది. గురువారం గెలిచింది. వానలు వెనకబట్టినా గాలిలో చెమ్మ తగ్గలేదు. మధ్యాహ్నం కోర్టు మీద అడుగు పెడితే బూటు అడుగు వేడెక్కేది. ఆమె రోజూ వచ్చి టేపు వేయించుకునేది, అడిగితే ‘ఫరవాలేదు’ అనేది. శుక్రవారం క్వార్టర్ ఫైనల్లో సర్వీసు చేశాక రెండుసార్లు నడుము మీద చెయ్యి వేసుకోవడం నేనూ చూశాను. ఆమె నన్ను కోర్టులోకి పిలవలేదు. పిలవకపోతే వెళ్లే వీలు మాకు లేదు.

శనివారం సెమీఫైనల్ మూడు సెట్లు సాగింది. గెలిచి, గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చుని బూట్లు విప్పకుండా ఉండిపోయింది. వరసలో ఎవరూ లేరు. మార్తా నా వైపు చూసింది.

మారిట్‌ను లేచి నిలబడమన్నాను. కుడి కాలు ఎత్తి, ఎడమ కాలి మీదే నిలబడి, నెమ్మదిగా వెనక్కి వంగమన్నాను. సగం వంగేసరికే ఊపిరి బిగబట్టి నా భుజం పట్టుకుంది. కాలు మార్చి వంగమంటే దాదాపు నొప్పి లేదు.

నాకు అర్థమైంది. టెన్నిస్‌లో సర్వీసు చేసేటప్పుడు నడుము వెనక్కి వంగి, పక్కకు తిరిగి, విసురుగా ముందుకు వస్తుంది. రోజుకు వందలసార్లు అలా చేస్తే, ఎదుగుతున్న వయసులో వెన్నుపూస వెనక భాగాన సన్నటి పగులు మొదలవుతుంది. కుడిచేత్తో ఆడేవారికి తరచు ఎడమవైపు వస్తుంది. తొలి దశలో పట్టుకుని విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుంది. ఆడుతూ పోతే పగులు పూర్తయి, కొందరికి జీవితాంతం ఉండిపోతుంది.

“ఇది కండరం కాకపోవచ్చు,” అని ఆమెకు చెప్పాను. “ఎముకలో పగులు మొదలై ఉండవచ్చు. స్కాన్ తీయాలి. ఈ పరీక్ష నేను సోమవారమే చేయాల్సింది. చేయలేదు.”

ఆమె అడిగిన మొదటి మాట: “మా నాన్నకు చెబుతారా?”

“మీరు ఒప్పుకుంటేనే. డాక్టరుకు మాత్రం చెప్పాలి.”

“నాన్నకు నేనే చెప్పుకుంటాను.”

టోర్నమెంటు డాక్టరు ఊ తిన్ మాంగ్ ఎముకల వైద్యంలో అనుభవం ఉన్న పెద్దాయన; ‘ఊ’ అన్నది ఇక్కడ పెద్దల పేరు ముందు చేర్చే గౌరవపదం. ఆయన వచ్చి పరీక్షించి నా అనుమానమే నిజం కావచ్చన్నాడు. స్కాన్‌కు సోమవారం వరకు వీలు లేదు. ఆమె నడుస్తోంది, పరుగెత్తుతోంది, సర్వీసు చేయగలుగుతోంది. అనుమానం మీద ఆపమని రిఫరీకి రాయలేనని ఆయన అన్నాడు. ఆడకపోవడమే మంచిదని ఆమెకు సలహా ఇచ్చి, పత్రంలో రాసి, సంతకం చేశాడు. నిర్ణయం ఆమెకే మిగిలింది.

ఆదివారం నేనూ మార్తా చర్చికి వెళ్లలేదు. ఫైనల్ పదకొండింటికి మొదలైంది. మారిట్ మొదటి సెట్టు ఆరు-మూడు తేడాతో గెలిచింది. రెండో సెట్లో నాలుగు-రెండు ఆధిక్యంలోకి వచ్చింది. ఇంకో రెండు గేములు గెలిస్తే టైటిల్ ఆమెదే. ఆ దశలో ఒక సర్వీసు చేసి, బంతి అవతలి కోర్టులో పడకముందే బేస్‌లైన్ దగ్గర ఆగిపోయింది. చైర్ అంపైరు వైపు చెయ్యి ఎత్తింది. నన్ను పిలిచారు.

నేలమీద తువ్వాలు పరిచి పడుకోబెట్టాను. మార్తా ఐసు సంచీ పట్టుకుని నా వెనక నిలబడింది. హెంక్ గ్యాలరీ ముందు వరసలోంచి లేచి డచ్‌లో ఏదో గట్టిగా అంటున్నాడు. మాటలు తెలియకపోయినా అవి ప్రోత్సహించే మాటలేనని గొంతును బట్టి తెలిసింది. అతనికి ఆమె ఏమీ చెప్పలేదన్నది కూడా అప్పుడే తెలిసింది.

మారిట్ ఆకాశం వైపు చూస్తూ అడిగింది. “ఇంకో పావుగంట ఆడితే పూర్తిగా విరుగుతుందా?”

“నాకు తెలియదు.”

“ఊహించి చెప్పండి.”

“ఊహించి సోమవారం ఒకటి రాశాను. మళ్లీ ఆ పని చేయను. స్కాన్ లేకుండా ఎవరూ చెప్పలేరు. ఆపేస్తే ఇంతకన్నా ఎక్కువ కాదు, అంతవరకే చెప్పగలను.”

అంపైరు గడియారం చూసి ఒక నిమిషం మిగిలిందన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత పక్కకు దొర్లి, మోకాళ్ల మీద లేచి, నా చెయ్యి తీసుకోకుండా నిలబడింది. రాకెట్టు తీసుకోలేదు. నెట్ దగ్గరకు వెళ్లి ప్రత్యర్థికి చెయ్యి ఇచ్చి, అంపైరుకు చెయ్యి ఇచ్చి, ఇక ఆడనని చెప్పింది. ఓడిపోతున్న అమ్మాయి గెలిచినట్టు ప్రకటించారు.

పది నిమిషాల తర్వాత హెంక్ చికిత్స గదిలోకి వచ్చాడు; ఎముక సంగతి మారిట్ అతనికి అప్పటికే చెప్పేసింది. చేతిలో సోమవారం నేనిచ్చిన కాగితం. మారిట్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

“కండరం అని రాసింది మీరే,” అన్నాడు. “ఈ కాగితం నమ్మి నేను వారమంతా ఆడించాను. ఇప్పుడు ఎముక అంటున్నారు. పిల్లకు భయం పెట్టి, చేతికొచ్చిన మ్యాచి వదిలించారు. ఈ రెంటిలో ఏది నిజం?”

నేను నోరు తెరిచేలోపే మార్తా తెలుగులో అందుకుంది. ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు, వింటే చాలావరకు తెలుస్తుంది.

“అతనికి సెప్పండి అప్పా. ఈ పిల్లకి ఎనక్కి ఒంగితేనే నొప్పని నాను సోమారమే సూసాను. సూసి మీకు సెప్పాను. ఆ పిల్ల అబద్దం ఆడనేదని సెప్పండి. ఉత్తినే బయపడి ఆపీనేదని సెప్పండి.”

అందరి ముందూ ఆమె నన్ను అప్పా అనడం అదే మొదటిసారి. హెంక్ ఆమె ఏమంటోందని అడిగాడు. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. మరేదైనా చెప్పి పంపేయడం నా చేతిలో పని. ఒక క్షణం ఆ ఆలోచన నాకు వచ్చిందన్నది దాచను.

ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పాను. ఈమె సోమవారమే గమనించిందనీ, నాకు చెప్పిందనీ, బయట జనం ఉన్నారని నేను పట్టించుకోలేదనీ. కాగితంలో రాసింది తప్పనీ, మీ అమ్మాయి భయపడి ఆపలేదనీ చెప్పాను.

హెంక్ కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. కూతురు అటు తిరిగే ఉంది. అతను ఒకే ఒక్క ప్రశ్న, డచ్‌లో, చాలా మెల్లగా అడిగాడు. ఆమె తల ఊపింది. ఏమడిగాడో నాకు తెలియదు. మేమిద్దరం బయటకు వచ్చి తలుపు దగ్గరగా వేశాం.

మెట్ల మీద మార్తా అడిగింది. “నాను అన్నది తప్పా అప్పా?”

“నువ్వన్నది తప్పు కాదు.”

సోమవారం స్కాన్‌లో ఎడమవైపు వెన్నుపూసలో పగులు కనిపించింది. ఎముక పూర్తిగా విడిపోలేదు. మూడు నెలలు రాకెట్టు పట్టకూడదని ఊ తిన్ మాంగ్ చెప్పాడు. జనవరి పోటీలు ఆమెకు లేకుండా పోయాయి. ఆ అమ్మాయి విన్నదంతా విని, ఈత కొట్టవచ్చా అని అడిగింది.

ఆ వారంలోనే నిర్వాహకులు నా నివేదిక అడిగారు. టోర్నమెంటు ఆఫీసులో బాధ్యత గల ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. సోమవారం పత్రం ఆఫీసు ప్రతిలో ‘నొప్పి తగ్గకపోతే మళ్లీ పరీక్షించాలి’ అన్న వాక్యం చేరిస్తే అందరికీ మంచిదన్నాడు. ఆయన నా మేలు కోరే అన్నాడు. నేను చేర్చలేదు. మార్తా ఏం గమనించిందో, ఎప్పుడు చెప్పిందో, ఆమె పేరుతో సహా నివేదికలో రాశాను. ఐసు నింపే మనిషి మాట వైద్య నివేదికలో ఎందుకని తిరిగి ప్రశ్న వచ్చింది. మొదట కనిపెట్టింది ఆమె కాబట్టి అని జవాబు రాశాను. మరుసటి ఏడు డిప్యుటేషన్‌కు నన్ను అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. అందులో అన్యాయమేమీ లేదు.

మారిట్ ఏడు నెలల తర్వాత మళ్లీ కోర్టులోకి దిగింది. మునుపటి ర్యాంకు అందుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆమె నాకు రాసింది ఒక్క ఉత్తరమే, నాలుగు వాక్యాలు. నడుము తక్కువ వంగేలా సర్వీసు మార్చుకున్నాననీ, వేగం కొంత పోయిందనీ, తండ్రి ఇప్పుడు కోచ్‌గా లేడనీ, ఇది ఇద్దరికీ నయమనీ రాసింది. చివర మార్తాకు నమస్కారం చెప్పమంది. ఇప్పుడు ఆమె పెద్ద కోర్టుల మీద ఆడుతోంది. టీవీలో చూస్తుంటాను. అందరూ ఆమె బ్యాక్‌హ్యాండు గురించి మాట్లాడతారు. నేను మాత్రం సర్వీసు చేసేటప్పుడు ఎడమ నడుము ఎంత వంగుతోందో చూస్తాను.

ఆ తర్వాత, పదవీ విరమణ దాకా, ఆసుపత్రిలో శిక్షణకు వచ్చినవారికి ఈ కేసు పేర్లు లేకుండా చెప్పేదాన్ని. నొప్పి ఎక్కడుందో రోగి చెబుతుంది, ఏ కదలికతో వస్తోందో మనం చూడాలి. గదిలో మనకన్నా ముందు ఎవరు చూసినా, వాళ్ల హోదా ఏమిటని ఆలోచించకుండా, వెంటనే లేచి పరీక్ష చేయాలి. ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమనే ఆ పరీక్షకు పట్టేది అర నిమిషం.