రూతమ్మ అత్త చంకలో పీట

మా చిన్నప్పుడు... పంచాయతీ మీటింగు మా ఇంటికే నడిచి వచ్చేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పంచాయతీ బంట్రోతు తీర్మానాల పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, ఈడొక సంతకం పెట్టు, ప్రెసిడెంటుగారు చెప్పినారు" అనేవాడు. మా రూతమ్మ అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు పైటకు తుడుచుకుని సంతకం పెట్టేది. అంతే... మీటింగు అయిపోయినట్టే.

అత్త మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండేది. పంచాయతీలో ఒక ఆడమనిషి ఉండాలని రూలు వచ్చింది కాబట్టి ఆవిడను వేసుకున్నారు. చదువు వచ్చు, నోట్లో నాలుక లేని మనిషి అని ఎంచుకున్నారట. ప్రతి బుధవారం చర్చిలో స్త్రీల కూటం నడిపేది ఆవిడే... వాక్యం చదివి నలభై మందిని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టేది. ఆ కూటానికి ఊళ్లో మగవాళ్లు ఎప్పుడూ రాలేదు కదా, వాళ్లకేం తెలుస్తుంది.

మా పాలెం వాకాడు వైపు, సముద్రం ఒడ్డున. తాగే నీళ్లకు ఇసుకలో చెలమ తవ్వుకోవాల్సిందే. మా అమ్మ చెలమ పక్కన గొంతుక్కూర్చుని, ఊరిన నీళ్లు ఊరినట్టు కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసేది. ఎండాకాలంలో ఒక్క బిందె నిండేసరికి ఒక పూట గడిచిపోయేది. పాలేనికి బావి వస్తుందని రెండేళ్లుగా వింటూనే ఉన్నాం...

ఒకరోజు బంట్రోతు వచ్చేసరికి అత్త చేపలు కడుగుతోంది. చేతులు తడి. "పుస్తకం ఆడ పెట్టబ్బయ్యా, కూర్చో. పాపా, ఈలోగా ఏం రాసినారో చదువు" అంది నాతో. నేను కూడబలుక్కుంటూ చదివాను. పాలేనికి ఇచ్చిన బావిని ప్రెసిడెంటుగారి తోట దగ్గర తవ్వాలని తీర్మానం. ఎందుకయ్యా అంటే, పాలెంలో ఉప్పునీళ్లే పడతాయని పోయిన నెలలోనే రాసుకున్నారట. వెనక పేజీ తిప్పాను. "అవునత్తా, ఇదిగో... దానికింద నీ సంతకం కూడా ఉంది" అన్నాను.

అత్త ముఖం మాడిపోయింది. "చదవకుండా పెట్టేసినానే పాపా" అంది. ఆ పూట అన్నం తినలేదు.

బంట్రోతును మాత్రం మీటింగు ఎప్పుడని అడిగింది. "శనివారం సాయంత్రం, బడి అరుగు మీద. నువ్వు రాబళ్లేదులేమ్మా" అన్నాడు. "వస్తానని చెప్పు" అంది అత్త.

శనివారం ఉతికిన చీర కట్టుకుంది. ఒక చంకలో పీట... మేం అన్నాలకు కూర్చునే పీట. ఇంకో చేతిలో మూతపెట్టిన చెంబు. ఊరి నడివీధిలో అలాగే నడిచిపోయింది. పాలెం ఆడవాళ్లం వెనకాలే వెళ్లి బడి కంచె పక్కన నిలబడ్డాం. అరుగు మీద మగవాళ్లకు బల్లలున్నాయి. అత్త సరిగ్గా వాళ్ల మధ్యన పీట వేసుకుని కూర్చుంది.

"ఏం రూతమ్మా, శ్రమపడి వచ్చినావు? పుస్తకం ఇంటికే పంపిస్తా ఉండాం గదా" అన్నాడు ప్రెసిడెంటు.

"పుస్తకం వస్తా ఉందయ్యా. మీరనుకునే మాటలు రావడంలా. అవి విందామని వచ్చినా."

చెంబు మూత తీసి ముందుకు జరిపింది. "పాలెంలో ఉప్పునీళ్లని రాసినారు. నేనూ సంతకం పెట్టినా, నాదీ తప్పే. ఇవి పొద్దున మా చెలమలో తోడిన నీళ్లు. ఎవరైనా తాగి చెప్పండి."

ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఊళ్లోవాళ్లు మా పాలెం చెంబు ముట్టుకోని రోజులవి... అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చివరికి మెంబర్లలో పెద్దాయన, చెంగయ్య అనే ముసలి రైతు, చెంబెత్తి గటగటా తాగి మీసాలు తుడుచుకున్నాడు. "తీపినీళ్లే. ఉప్పని రాసినోడు నాలిక డాక్టరుకు చూపిచ్చుకోవాల" అన్నాడు. అందరూ నవ్వేశారు. ఇంకేం చేస్తారు... ఆ తీర్మానం కొట్టేశారు. మరుసటి ఎండాకాలానికి పాలెంలో బావి తవ్వారు.

తర్వాతి ఎన్నికల్లో అత్త, "వాళ్లిచ్చే సీటు నాకొద్దు" అని మా వార్డుకు తానే నిలబడింది. అప్పటిదాకా మా ఆడవాళ్లకు ఓటంటే ఇంట్లో మగవాళ్లు చెప్పినచోట వేయడం, లేదా ఇంట్లోనే ఉండిపోవడం. అప్పట్లో ఓటుకు ఇరవై ఒక్కేళ్లు నిండాలి. అత్త గడపగడపకూ తిరిగి, పడుచుపిల్లల్ని నిలబెట్టి అడిగేది... "ఇరవై ఒకటి నిండినాయా? లిస్టులో పేరుందా? నీ కళ్లతో చూసుకున్నావా?" ఓటింగు రోజు మా ఆడవాళ్లు చేపల గంపలు బడి గోడవారన పెట్టి వరసగా నిలబడ్డారు. అత్త గెలిచింది. మా అమ్మ వేలిమీది సిరా చుక్కను వారం రోజులు కనబడినవాళ్లందరికీ చూపించింది.

నాకు ఓటొచ్చిన ఏడు అత్త, "ఈసారి నువ్వు నిలబడు పాపా" అంది. నాకు భయమన్నాను. ఆవిడ తిట్టలేదు. "నాకు మాత్రం లేదా? ఆ రోజు కాళ్లు వణికిపోయినాయి. నిలబడలేనని తెలిసే పీట తీసకపోయినా" అంది. అయినా నేను నిలబడలేదు. ఇన్నేళ్లయినా ఆ మాట తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది...

అత్త పోయి చాలా కాలమైంది. పీట నా దగ్గరే ఉంది, దాని మీద కూర్చునే కూరలు తరుగుతాను. ఇప్పుడు సగం సీట్లు ఆడవాళ్లవే, కుర్చీలూ వేస్తున్నారు. కానీ కొన్ని ఊళ్లలో గెలిచిన ఆవిడ ఇంట్లో ఉంటే, కుర్చీలో మొగుడు కూర్చుంటున్నాడు. పుస్తకం మళ్లీ సంతకానికి ఇంటికే వెళుతోంది. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న మా మనవరాలు ఫోన్ చేసింది. వార్డుకు నిలబడుతుందట. "కాళ్లు వణుకుతున్నాయి అమ్మమ్మా" అంది.

పీట కడిగి ఎండలో పెట్టాను...

మీ ఊళ్లో అలా మొదట వెళ్లి కూర్చున్న ఆవిడ ఎవరు? పేరుతో సహా రాయండి. మా పిల్లకు చదివి వినిపిస్తాను.