తొలి క్రిస్మస్ సాక్ష్యం

మా పాప నిద్ర గురించి నాచారమంతా చెప్పుకునేది. నాచారమంతా అంటే మా వీధి, ఎదురుగా కిరాణా కొట్టు, కింద ఉండే ఇంటి ఓనరమ్మ. నా దృష్టిలో అంతకు మించిన నాచారం లేదు. మేముండే ఇల్లు ఫ్యాక్టరీల గోడకు ఆనుకుని ఉంటుంది. పొద్దున్నే సైరన్ కూస్తే కిటికీ అద్దాలతో పాటు నా పళ్లు కూడా కదులుతాయి. లారీలు వెనక్కి వస్తూ పెట్టే కీచుకు ఉప్పల్ మెట్రో స్తంభాలు చెవులు మూసుకుంటాయని నా నమ్మకం. అంత మోతలోనూ ఏడు నెలల మా పాప కన్ను తెరిచేది కాదు.

"ఏం బంగారు పిల్లను గన్నరయ్యా. దీపావళికి గన్ని బాంబులు పేలినా జర కదల్లే," అంది ఓనరమ్మ. 

ఆ మాట మెచ్చుకోలుగానే అంది. కానీ ఆమె మెట్లు దిగి వెళ్లాక నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మాకు అనుమానం వచ్చిందే దీపావళి నాడు.

ఆ తర్వాత దవాఖానా. చెవి పరీక్ష రెండుసార్లు చేశారు. రెండుసార్లూ పాప చెవి నుంచి మిషనుకు జవాబు రాలేదు. "లోపల నీరు ఉండొచ్చు, చూద్దాం," అని డాక్టరమ్మ మాతో కాకుండా కంప్యూటరుతో చెప్పింది. పాపను నిద్రపుచ్చి తలకు వైర్లు అంటించి చేసే పెద్ద పరీక్ష ఇంకోటి ఉందట. అది క్రిస్మస్ దాటాక మంగళవారం. అందులో తేలిపోతుందట.

మంగళవారం దాకా ఆగే ఓపిక ఎవరికుంది? నేను వంటింట్లో స్టీలు పళ్లెం కావాలనే చేజార్చేవాణ్ణి. ఆ చప్పుడుకు మల్కాజిగిరి స్టేషన్లో రైళ్లు ఆగిపోయి ఉండాలి. పాప మాత్రం తన కాలి బొటనవేలితో చర్చల్లో ఉండేది. ఒకరోజు స్నానం మధ్యలో సబ్బు అయిపోయి బయటికొస్తే, పాప వెనకాల నా భార్య కుక్కర్ మూత, గరిటె పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావ్?"

"మూత తుడుస్తున్నానండీ."

"గరిటెతోనా?"

ఆమె గరిటె నా చేతిలో పెట్టింది. "మీరు కొట్టండి. మీ చెయ్యి గట్టిది."

కొట్టాను. సబ్బు నురగతో, తువ్వాలుతో, ఇంకా గట్టిగా కొట్టాను. పాప తిరగలేదు.

ఇంత జరుగుతున్నా క్రిస్మస్ మానలేదు. నలభై దాటాక పెళ్లి చేసుకుని, ఇక పిల్లలు లేరని మా చర్చి సంఘమంతా మా కోసం ప్రార్థించడం కూడా మానేశాక పుట్టిన పిల్ల. మొదటి పండగ. డాబా మీద నేను కట్టిన నక్షత్రాన్ని చూసి విమానాలు ఇక్కడే దిగిపోతాయేమోనని భయపడ్డాను. గుంటూరు నుంచి మా అత్తగారు అరిసెల డబ్బాలతో, పాపకు తెల్ల ఫ్రాకుతో దిగింది. ఆ ఫ్రాకుకున్న కుచ్చుల్లో పాప ఎక్కడుందో వెతుక్కుని ముద్దు పెట్టుకోవాలి.

ఆవిడ రాగానే చేసిన మొదటి పని, పాప విషయం చర్చిలో ప్రార్థన మనవిగా చెప్పడం. ఇక పాప చెవుల సంగతి మా సంఘంలో తెలియనివాళ్లు లేరు.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం క్యారల్స్ బృందం మా ఇంటికొచ్చింది. ముప్పై మంది పట్టని గదిలో ముప్పై మంది, వాళ్ల ముందు క్రిస్మస్ తాత వేషం, అందరికంటే ముందు డ్రమ్ము. అది వాయించే అన్న మా క్వయర్‌కు, అంటే చర్చి పాటల బృందానికి, పెద్ద. ఆయన చేతులు చూస్తే ఒక్కోటి ఒక్కో మనిషిలా ఉంటాయి.

"అన్నా, కాస్త గట్టిగా వాయించు," అన్నాను చెవిలో.

"నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మీ. ఇయ్యాల గోడలు ఇంటయి."

నిజంగానే విన్నాయి. గోడకున్న క్యాలెండరు రాలిపడింది. అత్తగారి ఒళ్లో ఉన్న పాప ఒక్కసారి డ్రమ్ము వైపు చూసింది. చూసి, నోరంతా తెరిచి నవ్వింది. కాళ్లు ఆడించింది.

పాట మధ్యలోనే ఆగిపోయింది. "ఇన్నది, పాప ఇన్నది," అన్నాడు అన్న. అత్తగారు ఏడ్చేసింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అక్కడికక్కడే చేతులెత్తి చెవులు తెరిచినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. నేనైతే ఆ ఐదు నిమిషాల్లో పాపను సంగీత కళాశాలలో చేర్చి, కచేరీ పెట్టించి, ముందు వరుసలో కూర్చుని తల కూడా ఊపేశాను. అందరికీ కేకు పెట్టాం. అన్న రెండు ముక్కలు తిన్నాడు.

వాళ్లు దిగి వెళ్లారు. కింద ఓనరమ్మ గుమ్మం ముందు మళ్లీ మొదలుపెట్టారు. ఇందాకటి కంటే గట్టిగా, సంతోషంతో. మా కిటికీ చువ్వలు వణికాయి. గ్లాసులో నీళ్లు వణికాయి. పాప మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కల్ని చూస్తోంది. వీధి పగిలిపోతోంది. పాప కళ్లు రెక్కల మీద నుంచి కదల్లేదు.

నా భార్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఇందాక డ్రమ్ము అన్న చేతులు చూసి నవ్విందండీ," అంది.

నాకు దేన్నయినా పదింతలు చేసి చెప్పడం వచ్చు. అప్పుడు పెంచడానికి ఏమీ దొరకలేదు.

పొద్దున ఆరాధనకు వెళ్లాం. ఉప్పల్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో మా చర్చి. మేము మెట్లెక్కేలోపే కబురు ఎక్కేసింది. చెప్పుల దగ్గర నలుగురు, చాప మీద పది మంది, "వందనాలమ్మా, ఇన్నాదంట కదా," అంటూ పాప బుగ్గలు గిల్లారు. అత్తగారు అందరికీ డ్రమ్ము కథ చెప్తోంది. ఆవిడ నోట్లో డ్రమ్ము అప్పటికే నా నక్షత్రమంత అయింది. అడ్డం పడదామనుకున్నాను, కానీ ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

వాక్య ప్రసంగం అయ్యాక అయ్యగారు మా వైపు చెయ్యి చాపారు. "దేవుడు ఈ కుటుంబంలో చేసిన కార్యం మీరంతా విన్నారు. పాప తండ్రి వచ్చి సాక్ష్యం చెప్తాడు."

"ఈయనకి మైకిస్తే పండగ బిర్యానీ చల్లారుద్ది అయ్యగారూ," అని ఎవరో పెద్దావిడ అంటే హాలంతా నవ్వింది. 

నేను లేచాను. కాళ్లు లేచాయి గానీ మిగతా నేను చాప మీదే ఉన్నాను. నా భార్య నా చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టి, పాపను ఎత్తుకుని తనే వెళ్లింది. కుచ్చుల ఫ్రాకు ఆమె మొహానికి అడ్డం వస్తుంటే చేత్తో నొక్కి పట్టుకుంది.

"అందరికీ వందనాలు," అంది. "నిన్న మా పాప డ్రమ్ము వాయించే చేతుల్ని చూసి నవ్వింది. మీరు కిందికి వెళ్లి వాయించినప్పుడు మేము చూశాం. తిరగలేదు. మా పాపకు వినపడదు. మంగళవారం పరీక్ష ఉంది. అదీ ఇదే చెప్తుందనుకుంటున్నాం."

ఆగింది. ఇంకేమైనా చెప్తుందేమోనని అందరూ చూశారు. మైకు స్టాండులో పెట్టేసింది.

వెనక వరుసలోంచి ఎవరో అలవాటుగా, "ఆమెన్," అన్నారు. అని, వెంటనే తల దించేశారు. క్వయర్ అన్న డ్రమ్ము కర్రలు నేల మీద పెట్టి చేతులు ఒళ్లో దాచుకున్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని, "ప్రార్థన చేద్దాం," అన్నారు. హాలంతా కళ్లు మూసుకుంది.

నేను మూసుకోలేదు. నా భార్య వచ్చి పక్కన కూర్చుంది. అత్తగారు చేతులు చాపి పాపను తీసుకుని, కుచ్చులు పక్కకు తోసి, చిన్న చెవికి నోరానించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇక చాల్లే," అంది నా భార్య మెల్లగా.

ఆవిడ ఆపలేదు.